మృత్యుచ్ఛత్రం : దాని ఆనవాళ్ళు

పుట్టగొడుగు అన్నది మన తెలుగులో చక్కని మాట. పుట్ట మీద మొలిచిన గొడుగు కనుక పుట్టగొడుగు. చెదలు కట్టిన పుట్టల మీద తొలకరి వానలకు లేచే గొడుగులను చూసి మన పెద్దలు పెట్టిన పేరది. వాటిని తెచ్చి కూర వండుకొనే అలవాటు మన పల్లెలలో తరతరాలుగా ఉన్నది. తినడానికి పనికిరావని తోచినవాటిని కుక్కగొడుగులు అన్నారు. ఉర్దూవారు అటువంటివాటిని ‘సాంప్ కీ ఛత్రీ’ అంటారు, అంటే పాము గొడుగు. హిందీలోని ‘కుకుర్‌ముత్తా’ అన్న పేరులోనూ కుక్కే ఉన్నది. అనుమానం కలిగినదానిని ఒకరు కుక్కకు, మరొకరు పాముకు అప్పగించి ఊరుకున్నారన్నమాట. మా వంటి భాషోపాధ్యాయులకు ఇది ముచ్చట గొలిపే విషయమే. అయితే ఏది కుక్కది, ఏది పుట్టది అని తేల్చవలసి వచ్చినప్పుడు నిఘంటువు ఏమాత్రం అక్కరకు రాదని మాకు ఇటీవలే తెలిసివచ్చినది.

2024వ సంవత్సరం ఏప్రిల్ ఆరంభంలో, రంజాన్ నెల ముగియవస్తున్న దినాలలో, ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో ఉద్యోగం చేసుకొంటున్న మా పూర్వ విద్యార్థి ఒకడు మాకు ఒక ఛాయాచిత్రం పంపినాడు. పింగాణీ పళ్ళెంలో అయిదారు పుట్టగొడుగులు. తెల్లని కాడలు, పైన లేత ఆకుపచ్చ ఛాయ గల గొడుగులు. క్రింద ఇట్లా వ్రాసినాడు: “సార్, అస్సలాము అలైకుం. ఇవి మన వరిగడ్డి పుట్టగొడుగుల్లాగానే ఉన్నాయి. ఇంటి దగ్గర పార్కులో పెద్ద చెట్టు కింద మొలిచాయి. ఇఫ్తార్‌కు కూర చేద్దామని మా ఇంట్లోవాళ్ళు కోసుకొచ్చారు. తినవచ్చంటారా?” మేము ఎప్పుడో తరగతిలో పుట్టగొడుగు అన్న సమాసాన్ని విడదీసి చెప్పినందుకో ఏమో, తెలుగు మాస్టారిని అడిగినాడు. మాకప్పుడు ఉదయం పదిన్నర. అక్కడ సాయంత్రం నాలుగు. ఇఫ్తార్‌కు మూడు గంటలకంటె తక్కువ వ్యవధి.

వెంటనే మేము వృక్షశాస్త్ర శాఖలోని మిత్రుల వద్దకు వెళ్ళినాము. ఆయన చిత్రాన్ని పెద్దది చేసి చూసి ఒకే ఒక ప్రశ్న వేసినారు: “వీటి మొదలు ఏది?” చాకుతో కాడను కోసి తెచ్చినారు గనుక మొదలు చిత్రంలో లేదు. అది కాన్‌బెర్రాలోని ఆ చెట్టు క్రింద మట్టిలోనే ఉండిపోయినది. “తినవద్దని ముందు చెప్పండి. మిగిలినది తరువాత మాట్లాడుకొందాము” అన్నారాయన. మేము అట్లాగే చెప్పి, ఆ తరువాత ఆ మిత్రుల వద్దను, ఆయన ఇచ్చిన గ్రంథాలలోను తెలుసుకొన్న సంగతులనే ఇక్కడ వ్రాస్తున్నాము. మన కళాశాల నుండి విదేశాలకు వెళ్తున్న విద్యార్థుల సంఖ్య ఏటేటా పెరుగుతున్నది గనుక ఇది కేవలం వినోదానికి వ్రాసే వ్యాసం కాదని మనవి.

ఆయన మనస్సులో మెదలిన అనుమానం ‘అమానిటా ఫల్లాయిడిస్’ అనే జాతిని గూర్చినది. ఆంగ్లంలో దానిని ‘డెత్ క్యాప్’ అంటారు. మృత్యువు టోపీ అని అర్థం. మేము దానికి మృత్యుచ్ఛత్రం అని పేరు పెట్టుకొన్నాము. పుట్టగొడుగుల వలన ప్రపంచంలో సంభవించే మరణాలలో అధికభాగానికి ఇదే కారణమని శాస్త్రజ్ఞులు చెప్తారు. దీని స్వస్థలం ఐరోపా. అక్కడి ఓక్, బీచ్, చెస్ట్‌నట్ అడవులలో ఇది పెరుగుతుంది. ఇది కుళ్ళిన పదార్థం మీద బ్రతికేది కాదు. సజీవమైన చెట్టు వేళ్ళను తన సన్నని తంతువులతో అల్లుకొని, నేలలోని నీటిని, లవణాలను చెట్టుకు అందించి, చెట్టు నుండి చక్కెరను పుచ్చుకొంటుంది. ఆ పొత్తు కారణంగానే ఇది ఖండాలు దాటినది. ఐరోపావారు తమ చెట్లను ఇతర దేశాలలో నాటుకొన్నప్పుడు వాటి వేళ్ళను అంటి ఇదీ ప్రయాణం చేసినది. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1938 నాటికే మాంటెరే వద్ద దీనిని సేకరించినారు. ఇప్పుడక్కడ అది స్థానికమైన ఓక్ అడవులలోకి కూడా ప్రవేశించినది. కాన్‌బెర్రా నగరం వీధుల వెంబడి, ఉద్యానవనాలలో నాటిన ఓక్ చెట్ల క్రింద, వాన పడిన శరత్కాలంలో, అంటే మనకు ఎండాకాలమైన మార్చి నుండి మే వరకు, ఇది విరివిగా లేస్తుంది.

కాబట్టి మొదటి ఆనవాలు పుట్టగొడుగులో లేదు, దాని పరిసరాలలో ఉన్నది. వరిగడ్డి పుట్టగొడుగు కుళ్ళుతున్న గడ్డి మీద పెరుగుతుంది, దానికి చెట్టుతో నిమిత్తం లేదు. మన పుట్టగొడుగుకు చెదపుట్ట ఆధారం. మృత్యుచ్ఛత్రానికి చెట్టు వేరు ఆధారం. పచ్చిక మధ్యలో మొలిచినట్లు కనిపించినా, పదడుగుల దూరంలోనో ఇరవై అడుగుల దూరంలోనో ఒక ఓక్ చెట్టు నిలబడి ఉంటుంది. తలయెత్తి చూడకుండా నేలను మాత్రమే చూసేవారు ఈ ఆనవాలును పోగొట్టుకొంటారు.

ఇక దాని రూపం. గొడుగు అయిదు నుండి పదిహేను సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. సాధారణంగా పసుపు కలిసిన ఆకుపచ్చ రంగు, నడుమ కొంచెం ముదురు, అంచుల వైపు లేత. దగ్గరగా చూస్తే నడుమ నుండి అంచు వరకు సన్నని పట్టుదారాలు పరచినట్లు చారలు కనిపిస్తాయి. అయితే రంగును నమ్మరాదు. వానకు కడిగి, ఎండకు వెలిసి అది గోధుమ రంగుకు, బూడిద రంగుకు మారవచ్చును. పూర్తిగా తెల్లగా ఉండే రకం కూడా ఒకటి ఉన్నది. గొడుగు క్రింద చేప మొప్పల వలె వరుసగా ఉండే రేకులను మొప్పలనే అంటారు. మృత్యుచ్ఛత్రంలో ఇవి తెల్లగా ఉంటాయి, ముదిరినా తెల్లగానే ఉంటాయి, కాడను అంటవు. కాడ పైభాగంలో పలుచని తెల్లని పొర ఒకటి చిన్నపిల్లల గౌను అంచు వలె వ్రేలాడుతూ ఉంటుంది. లేత వయస్సులో మొప్పలను కప్పిన తెర చినిగి అట్లా మిగులుతుంది. కొన్నింటికి అది రాలిపోయి ఉండవచ్చును.

అన్నింటికంటె ముఖ్యమైనది మిత్రులు అడిగిన మొదలు. మృత్యుచ్ఛత్రం పుట్టుకలో ఒక తెల్లని కోశంలో ఇమిడి, కోడిగ్రుడ్డు వలె ఉంటుంది. పెరిగేటప్పుడు పైన కోశాన్ని చీల్చుకొని కాడ పైకి వస్తుంది. చినిగిన కోశం కాడ మొదట్లో తెల్లని సంచి వలె మిగిలిపోతుంది. శాస్త్రజ్ఞులు దీనిని వోల్వా అంటారు. ఈ సంచి చాలవరకు మట్టిలోనో ఎండుటాకుల క్రిందనో దాగి ఉంటుంది. చాకుతో కాడను కోసినవారు, చేత్తో పట్టి లాగినవారు దీనిని నేలలోనే వదలివేస్తారు. వంటకు శుభ్రంగా ఉండాలని కోసిన ఆ కోతే సాక్ష్యాన్ని పోగొడుతుంది. గుర్తించదలచినవారు చుట్టూ మట్టిని తవ్వి, మొదలు చెక్కుచెదరకుండా పైకి తీయవలెను. చేతితో తాకినందువలన ప్రమాదం లేదు. విషం కడుపులోకి వెళ్తేనే హాని.

ఇక్కడే మన దేశీయులను, తూర్పు ఆసియావారిని మోసపుచ్చే చిక్కు ఒకటి ఉన్నది. ఒడిశాలోను, మన రాష్ట్రాలలోను పెంచే వరిగడ్డి పుట్టగొడుగుకు కూడా మొదట్లో సంచి ఉంటుంది! అది కూడా గ్రుడ్డు వలెనే పుడుతుంది. అంగడిలో అమ్మేది చాలవరకు ఆ గ్రుడ్డు దశలోనిదే. సంచి చూసి “ఇది మనదే” అని సంతోషపడేవాడు ఆ సంతోషంతోనే మోసపోతాడు. భేదాలు లేకపోలేదు. వరిగడ్డి పుట్టగొడుగు సంచి బూడిద, గోధుమ ఛాయలలో ఉంటుంది, మృత్యుచ్ఛత్రానిది తెలుపు. వరిగడ్డిదానికి కాడ మీద గౌను అంచు వంటి పొర ఉండదు. దాని మొప్పలు మొదట తెల్లగా ఉండి ముదిరేకొద్దీ గులాబీ రంగుకు తిరుగుతాయి. లేతదానిలో మాత్రం ఈ చివరి భేదం కనిపించదు. 2011 డిసెంబరు 31వ తేదీ రాత్రి ఇదే కాన్‌బెర్రాలో మృత్యుచ్ఛత్రాలతో చేసిన వంటకం తిన్నవారిలో ఇద్దరు 2012 జనవరి ఆరంభంలో మరణించినారు. వండినవాడు వృత్తిరీత్యా వంటవాడు, చైనా దేశీయుడు. వరిగడ్డి పుట్టగొడుగులని భ్రమించి ఉంటాడని అప్పట్లో అనుకొన్నారు. ఏళ్ళ తరబడి చేతితో తరిగిన వస్తువునే పోల్చుకోలేకపోయినాడంటే ఆ పోలిక ఎంత దగ్గరిదో ఊహించవచ్చును.

ముదిరినదైతే ఇంట్లో చేయగల పరీక్ష ఒకటి ఉన్నది. కాడను తీసివేసి, గొడుగును మొప్పలు క్రిందికి ఉండేటట్లు సగం తెల్లని, సగం నల్లని కాగితం మీద ఉంచి, పైన గాజుగ్లాసు బోర్లించవలెను. తెల్లవారేసరికి మొప్పల నుండి సిద్ధబీజాలు రాలి కాగితం మీద మొప్పల ముద్ర పడుతుంది. మృత్యుచ్ఛత్రం ముద్ర తెలుపు, నల్లకాగితం మీద స్పష్టంగా కనిపిస్తుంది. వరిగడ్డి పుట్టగొడుగు ముద్ర గులాబీ గోధుమ రంగు. ఈ పరీక్షను మా విద్యార్థులు అంగడిలో కొన్న పుట్టగొడుగులతో చేసి చూస్తే ఎంతో సంతోషిస్తారు. కాని తెల్లని ముద్ర గలవన్నీ విషం కావు, గులాబీ ముద్ర గలవన్నీ ఆహారమూ కావు. అన్ని ఆనవాళ్ళను కలిపి చూడవలసినదే. ఒక ఆనవాలు లేనంత మాత్రాన నిర్దోషి అని విడిచిపెట్టడానికి వీలులేదు. గెలెరినా అనే చిన్న గోధుమరంగు పుట్టగొడుగుకు, లెపియోటా జాతిలోని కొన్ని చిన్నవాటికి మొదట్లో సంచి లేదు, విషం మాత్రం ఇదే.

లోకంలో ప్రచారంలో ఉన్న ఇతర పరీక్షలను గూర్చి ఎక్కువ చెప్పనవసరం లేదు. వెండి చెంచా నల్లబడుతుందని, వెల్లుల్లి రంగు మారుతుందని, పై తోలు ఊడివస్తే మంచిదని, పురుగు తిన్నదైతే మనిషీ తినవచ్చునని అంటారు. అన్నీ తప్పే. మృత్యుచ్ఛత్రం వెండిని నల్లబరచదు. దాని తోలు సులభంగా ఊడుతుంది. నత్తలు దానిని హాయిగా తింటాయి. చేదుగా ఉంటుందనుకోవడం కూడా పొరపాటే. తిని బ్రతికినవారు అది రుచిగా ఉన్నదని చెప్పినారు. ఉడికించినా, వేయించినా, ఎండబెట్టినా విషం పోదు. 2023 జులైలో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో ఒక మధ్యాహ్న భోజనం తరువాత ముగ్గురు మరణించిన ఉదంతంలో వంటకంలో పడినవి ఎండబెట్టిన మృత్యుచ్ఛత్రాలే.

మన ఇళ్ళలో వినిపించే మాట ఒకటి వేరుగా చెప్పవలసి ఉన్నది. ‘కమ్అ’ అనేది మన్న్‌లోనిదని, దాని నీరు కంటికి స్వస్థత అని ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం వారి హదీసులో ఉన్నది. ఉర్దూ అనువాదాలలో ఆ మాటకు ‘ఖుంబీ’ అని వ్రాసినారు. దానిని చదివినవారు కొందరు పుట్టగొడుగులన్నీ శుభమైనవని, వాటిలో కీడు ఉండదని అనుకొంటారు. అరబ్బీలో కమ్అ అంటే ఎడారి నేల లోపల, ఇసుక క్రింద, దుంప వలె పెరిగేది. దానికి కాడ లేదు, గొడుగు లేదు, మొప్పలు లేవు. నేల పైకి లేచే గొడుగుకు అరబ్బీలో ‘ఫుత్ర్’ అని వేరే మాట ఉన్నది. అనువాదకుడు రెండింటికీ ఒకే మాట వాడవలసి రావడం భాష యొక్క ఇబ్బంది. దానిని వంటింటిలో ప్రమాణంగా తీసుకోవడం మాత్రం మన పొరపాటు. ఇది భాషోపాధ్యాయుని పరిధిలోని విషయం గనుక కొంత ధైర్యంగానే చెప్తున్నాము.

ఈ విషం పనిచేసే తీరు చాలా కపటమైనది. ఇందులోని ముఖ్యమైన విషాన్ని ఆల్ఫా అమానిటిన్ అంటారు. జర్మనీలోని రసాయన శాస్త్రజ్ఞులు 1941లో దీనిని వేరుచేసినారు. కిలో శరీర బరువుకు మిల్లీగ్రాములో పదవ వంతు చేరితే ప్రాణాంతకం కావచ్చును. అరవై కిలోల మనిషికి ఆరు మిల్లీగ్రాములు. ఒక పెద్ద గొడుగులో అంతకంటె ఎక్కువే ఉండవచ్చును. మన కణాలలో ప్రోటీనులు తయారు కావడానికి కేంద్రకంలోని మూలప్రతి నుండి నకళ్ళు వ్రాసే ఎంజైము ఒకటి ఉన్నది. ఆర్.ఎన్.ఏ. పాలిమరేజ్ రెండు అని దాని పేరు. అమానిటిన్ ఆ లేఖకుని చేతిని పట్టి ఆపుతుంది. అప్పటికే వ్రాసి ఉన్న నకళ్ళతో కణం కొంతకాలం నడుస్తుంది. అవి అయిపోయిన తరువాత కణం మరణిస్తుంది. ఎక్కువగా దెబ్బతినేది కాలేయం. అది విషాన్ని పిత్తరసంతో ప్రేగులోకి పంపితే, ప్రేగు నుండి అది మళ్ళీ రక్తంలో కలిసి కాలేయానికే తిరిగి చేరుతుంది.

అందుచేతనే తిన్న వెంటనే ఏమీ తెలియదు. సాధారణంగా ఆరు నుండి పన్నెండు గంటల వరకు, ఒక్కొక్కప్పుడు ఇరవైనాలుగు గంటల వరకు మనిషి క్షేమంగా ఉంటాడు. మా విద్యార్థి సంగతే తీసుకొందాము. ఇఫ్తార్‌లో ఆ కూర తిని ఉంటే, తరావీహ్ నమాజు చేసుకొని, నిద్రపోయి, సహరీకి లేచేవరకు కూడా వారికి ఏమీ తెలియకపోవచ్చును. అప్పుడు వాంతులు, నీళ్ళ విరేచనాలు మొదలైతే సహరీలో తిన్న పెరుగునో రొట్టెనో అనుమానించేవారు గాని, పది గంటల క్రితం తిన్న కూరను ఎవరు తలచుకొంటారు? ఒక రోజంతా బాధపడిన తరువాత, రెండవ రోజునో మూడవ రోజునో వాంతులు ఆగి, రోగికి నెమ్మదిస్తుంది. ఇంటివారు అల్‌హందులిల్లాహ్ అనుకొంటారు. వైద్యుని వద్దకు వెళ్ళకుండా ఉన్నవారు ఇక వెళ్ళరు. సరిగ్గా ఆ సమయంలోనే కాలేయం కూలిపోతూ ఉంటుంది. తరువాత కామెర్లు, రక్తస్రావం, స్పృహ తప్పడం, మూత్రపిండాలు ఆగిపోవడం. ఈ మధ్యలో వచ్చే తెరిపి గూర్చి చదివినప్పుడు మాకు కలిగిన భయం మరి దేనివలననూ కలుగలేదు.

చికిత్స లేకపోలేదు. సెలైన్ ద్వారా ద్రవాలు ఎక్కించడం, బొగ్గుపొడి త్రాగించడం, సిలిబినిన్, పెన్సిలిన్, ఎన్-అసిటైల్ సిస్టీన్ మొదలైన మందులు, చివరకు కాలేయమార్పిడి. 2016 డిసెంబరులో ఉత్తర కాలిఫోర్నియాలో పద్నాలుగు మంది ఈ విషం పాలైతే ముగ్గురికి కాలేయమార్పిడి జరిగినది, పద్నాలుగు మందీ బ్రతికినారు. వారిలో ఒక పసిబిడ్డకు మాత్రం మెదడుకు శాశ్వతమైన హాని మిగిలినది. తిన్నట్లు అనుమానం కలిగితే లక్షణాల కొరకు ఎదురుచూడరాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలెను. బాధ లేనివారితో సహా ఆ కూర తిన్న ప్రతివారూ వెళ్ళవలెను. తిన్న సమయం చెప్పవలెను. మిగిలిన పుట్టగొడుగును, పారవేసిన ముక్కలనైనా ఏరి, కాగితంలో చుట్టి వెంట తీసుకొనిపోవలెను.

మన దగ్గర ఇటువంటి భయం లేదని అనుకోవడానికి వీలులేదు. అస్సాంలో 2022 ఏప్రిల్‌లో అడవి పుట్టగొడుగులు తిని పదమూడు మంది మరణించినారు. ఎక్కువమంది తేయాకు తోటల ప్రాంతాలవారు. మన ఊళ్ళలో పచ్చిక మీద వానకాలంలో లేచే, ముదిరితే మొప్పలు ఆకుపచ్చగా మారే క్లోరోఫిల్లం అనేది ప్రాణం తీయడం అరుదేగాని, వాంతులతో మనిషిని నేలకు దించుతుంది. చెదపుట్ట మీది గొడుగును మన పెద్దలు కాడ క్రింద నేలలోకి దిగిన పొడవైన వేరు వంటి తోకను చూసి పోల్చుకొంటారు. వారూ మొదలు చూసేవారే. ఆ పరిచయం ఆ పుట్టకు, ఆ ఊరికి చెందినది. దానిని విమానంలో వెంట తీసుకొనిపోవడానికి వీలులేదు.

ఛాయాచిత్రం చూసి పేరు నిర్ణయించరాదని, తినదగినదని అసలే చెప్పరాదని మిత్రుల దృఢమైన అభిప్రాయం. అయినా కుతూహలం కొద్దీ, మొదలుతో సహా ఒకటి తవ్వి చూపమని ఆ రోజు మా విద్యార్థికి వ్రాసినాము. అక్కడ ఇంకా వెలుతురు ఉన్నది. ముప్పావు గంట తరువాత రెండవ చిత్రం వచ్చినది. పాత వార్తాపత్రిక మీద ఒక పుట్టగొడుగును పడుకోబెట్టి, ప్రక్కన మట్టి అంటిన గరిటె ఉంచినారు. గొడుగు క్రింద తెల్లని మొప్పలు. కాడ మీద గౌను అంచు వంటి పొర. కాడ అడుగున, ఎండుటాకు ముక్క ఒకటి అంటుకొని, చినిగిన తెల్లని సంచి. మిత్రులు కళ్ళద్దాలు తీసి కాసేపు తుడుచుకొని, మాటాడకుండా ఫోను మా చేతికి తిరిగి ఇచ్చినారు.

ఆ పూట వారు ఖర్జూరాలతోను, పప్పుచారుతోను ఇఫ్తార్ చేసినారని మరునాడు తెలిసినది.